బొంత ముడతలు ఎలా పోయాయంటే

కావలిలో మేం నలుగురం ఆదివారాలు మా వరండాలో చేరి బొంతలు కుడతాం. అమ్మమ్మ వెంకటగిరి నూలు చీరతో నేను కుట్టిన బొంత మొదటిసారి ఉతకగానే ముడతలు పడిపోయింది. ఏడుపొచ్చింది. ఎదురింటి అత్త చూసి, "అడుగు గుడ్డ నానబెట్టలా అమ్మాయ్?" అన్నారు. నిజమే. పైన ఎన్నోసార్లు ఉతికిన చీర, అడుగున కొత్త కోరా గుడ్డ, అంటే చలువ చేయని ముడి నూలు గుడ్డ. కోరా కుంచించుకుపోయి చీరను లాగేసింది.

కుట్లన్నీ విప్పడానికే రెండు రోజులు పట్టింది. ఆ కోరాని రాత్రంతా నానబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేశాను. రెండింటినీ నేల మీద లాగకుండా పరిచి, మధ్య నుంచి అంచులవైపు జానెడు దూరంలో టాకాలు, అంటే గుడ్డలు కదలకుండా తాత్కాలికంగా వేసే పెద్ద కుట్లు, వేశాను. అంచుల నుంచి మొదలుపెడితే మధ్యలో గుడ్డ ఉబ్బుతుంది, అందుకే ఇక్కడ తొందర పడకండి. ఆ తర్వాతే సన్న కుట్టు.

నిన్న మళ్లీ ఉతికాను. అమ్మమ్మ చీర సాఫుగా ఉంది.