'అక్సీడ్' వాడిన వాక్యం ఎక్కడ చెడుతుంది: సమస్య - పరిష్కారం

కార్యాలయ ఇంగ్లీషులో 'అక్సీడ్' (accede) అనే క్రియకు మూడు పనులున్నాయి. ఒకరి విన్నపానికి సమ్మతించడం, సింహాసనాన్ని గానీ పదవిని గానీ అధిష్ఠించడం, ఒక ఒడంబడికలోనో సమాఖ్యలోనో చేరడం. చాలా ఏళ్లుగా ఇతరుల చిత్తుప్రతులు దిద్దడమే నా పని కాబట్టి, ఈ మాట ఉన్న కాగితం చేతికి రాగానే మిగతాదంతా వదిలి ముందుగా దాని పక్కన ఏముందో చూస్తాను. రెండు క్షణాల పని అది. అయినా రాసినవారు గానీ సంతకం చేసినవారు గానీ ఆ పని చేసిన దాఖలాలు నాకు అరుదుగా కనిపిస్తాయి.

లక్షణం: క్రియ పక్కన 'టు' లేదు

'కైండ్లీ అక్సీడ్ మై రిక్వెస్ట్' అన్న వాక్యం సెలవు చీటీల నుంచి బదిలీ దరఖాస్తుల దాకా అన్నిచోట్లా కనిపిస్తుంది. దీనికి మూలం మన తెలుగులోనే ఉంది. రాసే మనిషి మనసులో 'నా విన్నపాన్ని అంగీకరించండి' అనుకుంటాడు, అందులో ఉన్నది ద్వితీయా విభక్తి. 'యాక్సెప్ట్' అయితే ఆ అచ్చులో చక్కగా ఇముడుతుంది, 'అక్సీడ్' ఇమడదు. దాని లాటిన్ మూలానికి 'దగ్గరికి వెళ్లు' అని అర్థం, ఆ 'దగ్గరికి'లోని 'కి'యే ఇంగ్లీషులో 'టు'గా నిలిచింది. అందుచేత 'అంగీకరించు' అనుకోవడం మాని 'సమ్మతించు' అనుకుంటే సరిపోతుంది. విన్నపానికి సమ్మతిస్తాము గనుక 'అక్సీడ్ టు మై రిక్వెస్ట్' అవుతుంది.

కర్మణి వాక్యంలో ఈ 'టు' చివరికి జరుగుతుంది. 'యువర్ రిక్వెస్ట్ కెనాట్ బి అక్సీడెడ్ టు' అన్నది పూర్తి వాక్యమే. చివర ఏదో తెగిపోయినట్లుందని దాన్ని కొట్టేసే పై అధికారులు ప్రతి కార్యాలయంలోనూ ఉంటారు, కాబట్టి టైపైన ప్రతిని మరొకసారి చూసుకోవాలి.

లక్షణం: 'టు' ఉంది, అయినా వాక్యం తప్పు

నన్ను దెబ్బతీసింది ఇది. ఒక వేతన చర్చల తీర్మానాన్ని తెలుగు నుంచి ఇంగ్లీషులోకి మార్చే పని మా విభాగానికి వచ్చింది. తెలుగు ప్రతిలో 'వేతనాలు పెంచడానికి యాజమాన్యం సమ్మతించింది' అని ఉంది. కొత్తగా చేరిన కుర్రవాడికి అప్పటికే నేను 'కు ఉంటే టు పెట్టు' అని సూత్రం నేర్పి ఉన్నాను. అతడు దాన్ని పాటించి 'ది మేనేజ్‌మెంట్ అక్సీడెడ్ టు ఇంక్రీజ్ ది వేజెస్' అని రాశాడు. నేను అలవాటు ప్రకారం 'టు' ఉందా అని చూశాను, ఉంది, సంతకం పెట్టాను. అవతలి పక్షం వకీలు ఆ 'టు' చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి కాగితాన్ని తిప్పి పంపే వరకు నాకు తప్పు తెలియలేదు. ప్రతులన్నీ మళ్లీ టైపు చేయించి, అందరి సంతకాలూ మళ్లీ సేకరించవలసి వచ్చింది. తప్పు కుర్రవాడిది కాదు, నా సూత్రానిది.

సూత్రంలోని లోపం ఏమిటంటే, ఇంగ్లీషులో 'టు' అనే రూపం ఒకటే అయినా అది చేసే పనులు రెండు. 'అగ్రీ టు ఇంక్రీజ్' అన్నప్పుడు దాని తర్వాత క్రియ వస్తుంది. 'అక్సీడ్ టు' అన్నప్పుడు అది విభక్తి ప్రత్యయం వంటిది, దాని తర్వాత నామవాచకమే రావాలి. తెలుగులో 'డిమాండుకు' అన్నా 'పెంచడానికి' అన్నా చివర వచ్చేది 'కు' లేదా 'కి' ప్రత్యయమే కనుక మన చెవికి ఈ తేడా పట్టదు. 'దేనికి సమ్మతించారు?' అని ప్రశ్న వేసుకుని పరీక్షించినా రెండు జవాబులూ సరిగ్గానే వినిపిస్తాయి.

దీనికి తోడు, 'ఇంక్రీజ్', 'ట్రాన్స్‌ఫర్', 'రీఫండ్', 'రిలీజ్', 'రివ్యూ' వంటి, కార్యాలయాల్లో నిత్యం వాడే మాటలు ఇంగ్లీషులో నామవాచకాలుగానూ క్రియలుగానూ ఒకే అక్షరక్రమంతో ఉంటాయి. ఆ స్థానంలో 'అపాయింట్' ఉండి ఉంటే నేను కూడా పట్టుకునేవాణ్ణి. 'ఇంక్రీజ్' కావడంతో కన్ను దాన్ని నామవాచకంగా చదివి ముందుకు సాగిపోయింది.

ఇప్పుడు నేను చేసే పరీక్ష వేరు. 'టు' తర్వాతి మాటకు ముందు 'ది' గానీ 'దెయిర్' గానీ పెట్టి చూస్తాను. 'అక్సీడెడ్ టు ది డిమాండ్' నిలుస్తుంది, 'అక్సీడెడ్ టు ది ఇంక్రీజ్ ది వేజెస్' అక్కడే కూలిపోతుంది. కూలిన వాక్యాన్ని 'అగ్రీడ్ టు ఇంక్రీజ్ ది వేజెస్' అని గానీ, 'అక్సీడెడ్ టు ది డిమాండ్ ఫర్ యాన్ ఇంక్రీజ్ ఇన్ వేజెస్' అని గానీ మార్చవచ్చు. ఈ రెండూ ఒకటి కావు. ఎవరో అడిగితేనే 'అక్సీడ్' చేయడం సాధ్యం, తనంతట తాను చేసిన పనికి ఆ మాట చెల్లదు. యూనియన్ అడిగినందున యాజమాన్యం దిగివచ్చిందా, లేక తానే నిర్ణయించిందా అన్నది తీర్మానంలో చిన్న విషయం కాదు గనుక, ఏది రాయాలో మూలం చూసే తేల్చుకోవాలి.

లక్షణం: పదవి విషయంలో వాక్యం ఎబ్బెట్టుగా ఉంది

కొత్త కలెక్టరు 'అక్సీడెడ్ టు ది పోస్ట్' అని రాస్తే వ్యాకరణం తప్పు కాదు, కానీ చదివేవారికి ఆయన తలపై కిరీటం కనిపిస్తుంది. కలెక్టరు 'అస్యూమ్డ్ చార్జ్', మంత్రి 'వాజ్ స్వోర్న్ ఇన్'. ఈ క్రియను సింహాసనాలకు వదిలేయడం మంచిది. అక్కడ కూడా అధిష్ఠించడాన్నీ పట్టాభిషేకాన్నీ కలపకూడదు. రెండవ ఎలిజబెత్ సింహాసనాన్ని అధిష్ఠించింది 1952 ఫిబ్రవరి 6న, పట్టాభిషేకం జరిగింది 1953 జూన్ 2న. 1911లో నిజాం అయిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గురించి రాసేటప్పుడు తండ్రిని చెబితే 'సక్సీడెడ్ హిస్ ఫాదర్', గద్దెను చెబితే 'అక్సీడెడ్ టు ది థ్రోన్'. మొదటిదానికి 'టు' లేదు, రెండవదానికి ఉంది.

లక్షణం: సంస్థానాల గురించిన అనువాదంలో తేదీలు పొసగడం లేదు

ఇక్కడ తప్పు ఇంగ్లీషుది కాదు, మన 'విలీనం' అనే మాటది. 1947 అక్టోబరు 26న కశ్మీరు మహారాజా హరిసింగ్ సంతకం చేసిన పత్రంలో ఉన్నది 'అక్సీడ్ టు ది డొమీనియన్ ఆఫ్ ఇండియా'. అటువంటి పత్రాల ద్వారా సంస్థానాలు కేంద్రానికి అప్పగించినవి ప్రధానంగా రక్షణ, విదేశీ వ్యవహారాలు, సమాచార సంబంధాలు మాత్రమే. పాలన మొత్తాన్నీ అప్పగించిన 'మర్జర్' ఒప్పందాలు ఆ తర్వాత వేరుగా జరిగాయి. తెలుగులో రెండింటినీ విలీనమనే రాస్తున్నాము కాబట్టి, తిరిగి ఇంగ్లీషులోకి మార్చేవారు పత్రం పేరు చూడకుండా ముందుకు పోకూడదు. ఒడంబడికల్లోనూ ఇటువంటి తేడానే ఉంది. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో భారతదేశం 1979 ఏప్రిల్ 10న చేరింది. ముందుగా సంతకం చేయకుండా నేరుగా చేరింది గనుక అక్కడ రాయవలసింది 'అక్సీడెడ్' అని, 'రాటిఫైడ్' అని కాదు.

మిగిలినవి

'ఎక్సీడ్'తోనో 'కన్సీడ్'తోనో పొరబడటం అరుదు. అవి కూడా సరైన మాటలే కాబట్టి కంప్యూటరు స్పెల్లింగు పరీక్ష వాటిని పట్టుకోదు, మనమే చదివి పట్టుకోవాలి. ఇక అక్షరక్రమం విషయానికొస్తే, 'సీడ్' అనే ధ్వనితో ముగిసే ఇటువంటి క్రియల్లో పక్కపక్కనే రెండు 'ఈ'లు వచ్చేది 'ఎక్సీడ్', 'ప్రొసీడ్', 'సక్సీడ్' అనే మూడింటికే, 'అక్సీడ్'కు రావు.