పట్టాల సామాను వానల్లో పంపుతున్నారా?

రైలు పట్టాల సామాను కంటికి కొంచెంగానే కనబడుతుంది. పట్టాను స్లీపరుకు (పట్టాల కింద అడ్డంగా వేసే దిమ్మెకు) బిగించే క్లిప్పు అరచేతిలో ఇముడుతుంది, తూకం మాత్రం దాదాపు కిలో. పది టైర్ల లారీకి బండితో కలిపి 28.5 టన్నులే పరిమితి. ఈ సరుకైతే లారీ సగం నిండకముందే అది దాటుతుంది. ఇంకా ఖాళీ ఉంది కదా అని నాలుగు సంచులు అదనంగా వేయించకండి. కాటా చీటీ చేతికి వచ్చాకే తాళ్లు బిగించాలి.

బిల్లులో ‘రైల్వే సామాను’ అని ఒకే పద్దు రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. జీఎస్టీ బిల్లులో సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ ప్రకారం ఫిష్‌ప్లేట్లు (రెండు పట్టాల కొసలను కలిపే ఇనుప పలకలు), క్లిప్పులు 7302 కిందికి వస్తాయి. ఆ ఫిష్‌ప్లేట్లకే బిగించే బోల్టులు, నట్లు 7318. పట్టా కింద పరిచే రబ్బరు ప్యాడ్లు 4016. ఒకే లారీలో వెళ్లినా పద్దులు వేరు. సంచులు కూడా వేరుగా కట్టి గుర్తులు వేస్తే తనిఖీలో మూటలు విప్పే పని తగ్గుతుంది.

అసలు తంటా సంచితోనే. ఒకసారి ఒంటి గోనెలో క్లిప్పులు పంపాం. అడుగు వరుస తడిసింది. హమాలీ కొక్కెం వేసి లాగగానే సంచి అడుగు ఊడి, క్లిప్పులన్నీ బురదలో పడ్డాయి. రెండు గంటలు ఏరినా లెక్కకు పదకొండు తక్కువే. అప్పటినుంచి జోడు గోనె, సంచికి 50 కిలోలు మించకుండా, కొక్కెం ముట్టకుండా దింపుతున్నాం. లోపల పాలిథిన్ వేస్తే సరుకు పూర్తిగా చల్లారాకే నింపండి. వేడిమీద మూతి కడితే లోపలే చెమ్మ పట్టి, వాన తగలకుండానే తుప్పు వస్తుంది.

ఫిష్‌ప్లేట్లకు నూనె పూస్తారు కాబట్టి ఒకదానిమీద ఒకటి జారుతాయి. వరుసల మధ్య చెక్క బద్దలు పెట్టి, ఇనుప పట్టీతో కట్టలు కట్టి, ముందు గోడకు ఆనించి పేర్చాలి. లేకపోతే డ్రైవరు గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఆ కట్ట క్యాబిన్ వైపే వస్తుంది.

సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ రవాణా పత్రం ఈ-వే బిల్లు. దానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. 2023 జూలైలో మున్నేరు పొంగి నందిగామ దగ్గర హైదరాబాద్–విజయవాడ రహదారి మూతపడింది. అలా బండి నిలిచిపోతే గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. సరుకును వేరే లారీలోకి మార్చితే కొత్త బండి నంబరు బిల్లులో చేర్చాకే కదలనివ్వండి. డ్రైవరు ఫోను నంబరుతో పాటు క్లీనరుది కూడా రాసి పెట్టుకోండి. వరద దారిలో మొదట ఛార్జింగ్ అయిపోయేది డ్రైవరు ఫోనే.