స్పీడోమీటర్ ముల్లు కదలడం లేదా? స్పీడ్ సెన్సర్‌ని పరీక్షించి మార్చుకోవడం ఎలా

కారు పరిగెడుతున్నా ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది, లేదా 60 చూపి మరుక్షణం పడిపోతుంది. కిలోమీటర్ల లెక్క ఆగిపోతుంది. క్రూజ్ కంట్రోల్ పట్టదు. ఆటోమేటిక్ కారైతే గేర్లు కుదుపుతో మారతాయి. కొన్ని కార్లలో సిగ్నల్ దగ్గర ఆగబోతుంటే ఇంజిన్ ఆగిపోతుంది, స్టీరింగ్ బరువులో తేడా తెలుస్తుంది.

ఇవన్నీ చూసి చాలామంది నేరుగా స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లి, కారు వేగాన్ని పసిగట్టే స్పీడ్ సెన్సర్ కొనేస్తారు. అప్పుడే కొనకండి. కారులోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో కనిపించే పి0500 కోడ్‌కి అర్థం సెన్సర్ పోయిందని కాదు, వేగం సమాచారం కారు కంప్యూటర్‌కి అందడం లేదని. దారిలో ఫ్యూజు, కప్లరు (వైర్లను సెన్సర్‌కి కలిపే ప్లగ్గు), వైరు, సెన్సర్ కింది పళ్లచక్రం వీటిలో ఏది చెడినా అదే కోడ్ వస్తుంది. అప్పుడప్పుడు మాత్రమే సిగ్నల్ తెగుతుంటే పి0503 రావచ్చు. ఆ కోడ్ వస్తే ముందు అనుమానించాల్సింది వదులైన కప్లర్నే.

సెన్సర్ ఎక్కడుంటుంది?

రెండు పద్ధతులున్నాయి. కొన్ని కార్లలో గేర్‌బాక్స్ మీద విడిగా ఒక సెన్సర్ ఉంటుంది, సాధారణంగా మూడు వైర్లతో, ఒకే బోల్టుతో. మరికొన్నిటిలో అలాంటిదేమీ ఉండదు. నాలుగు చక్రాల దగ్గరున్న ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) సెన్సర్ల నుంచే వేగం లెక్క మీటర్‌కి వెళ్తుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి కాబట్టి ఈ మధ్య కొన్న కారైతే ముందు ఈ రెండో రకమేమో చూసుకోండి. ముల్లు ఆగడంతో పాటు ఏబీఎస్ లైటు కూడా వెలిగితే అనుమానం చక్రాల వైపే. ఆ లైటు వెలుగుతున్నంతసేపు మామూలు బ్రేకు పనిచేస్తుంది గానీ, తడిరోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి కారు జారుతుంది. నెమ్మదిగా నడపండి.

స్కానర్‌తో మొదలుపెట్టండి

స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ సాధారణంగా స్టీరింగ్ కింద ఉంటుంది. స్కానర్ పెట్టి లైవ్ డేటాలో వేగం తెరవండి. వేరొకరు నడుపుతుండగా, ఖాళీ రోడ్డు మీద 30 కి.మీ. వేగంలో చూడండి. స్కానర్ వేగం సరిగ్గా చూపిస్తూ ముల్లు మాత్రం కదలకపోతే లోపం మీటర్ వైపు ఉంది, సెన్సర్ జోలికి వెళ్లక్కర్లేదు. రెండూ సున్నా అయితే సెన్సర్ దాకా వెళ్లాలి. చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చదువుతాయి. ఏబీఎస్ కోడ్‌లు చదివేది కావాలి. అందులో సి0035 వస్తే ముందు ఎడమ చక్రం, సి0040 ముందు కుడి.

సెన్సరా, వైరా?

ముందు మీటర్ ఫ్యూజు చూడండి. తర్వాత కప్లర్ విప్పి పిన్నుల మీద పచ్చటి తుప్పు, నీటి చెమ్మ ఉన్నాయేమో గమనించండి. ఎక్కువ రోజులు కదలకుండా ఉన్న కారైతే వైరు పొడవునా చేత్తో తడిమి చూడండి. ఎలుకలు కొరికిన వైర్లు కొత్త సెన్సర్‌తో బాగుపడవు.

ఇక మల్టీమీటర్. మూడు వైర్ల హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రంలో మార్పుని పసిగట్టే రకం) అయితే ఇంజిన్ ఆపి, తాళం ఆన్‌లో పెట్టండి. కప్లర్ విప్పి వైరింగ్ వైపు కొలవండి. ఒక వైరులో సప్లై ఉండాలి, చాలా కార్లలో 12 వోల్టులు, కొన్నిటిలో 5. ఒకటి ఎర్త్. మూడోది సిగ్నల్, చాలా కార్లలో కప్లర్ విప్పినప్పుడు ఇక్కడ కూడా 5 లేదా 12 వోల్టులు కనిపిస్తాయి. సప్లై గానీ ఎర్త్ గానీ లేకపోతే లోపం వైరింగ్‌దే.

అన్నీ ఉంటే కప్లర్ తిరిగి తగిలించి, వెనక నుంచి సన్నటి పిన్నుతో సిగ్నల్ వైరుని తాకండి. ముందు చక్రాలతో నడిచే కారైతే వెనక చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ముందు చక్రం ఒకటి జాకీతో లేపి స్టాండు మీద నిలపండి. ఒట్టి జాకీని నమ్మి చెయ్యి పెట్టవద్దు. గేరు న్యూట్రల్‌లో ఉంచి చక్రాన్ని నెమ్మదిగా తిప్పితే వోల్టేజ్ ఎగుస్తూ, సున్నా దగ్గరకు పడుతూ ఉండాలి. ఒకే చోట నిలిచిపోతే సెన్సర్‌ని, దాని కింది పళ్లచక్రాన్ని బయటకు తీసి చూడాల్సిందే. హాల్ సెన్సర్‌కి ఓమ్‌లు కొలవడం వల్ల ఏమీ తెలియదు. ఆ పరీక్ష రెండు వైర్ల కాయిల్ రకానికే పనికొస్తుంది.

మార్చే పని

ఇంజిన్ చల్లారాక బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి. సెన్సర్ చుట్టూ ఉన్న మట్టిని బ్రష్షుతో, బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవండి. ఈ పని వదిలేస్తే సెన్సర్ పైకి లేవగానే ఆ ఇసుక నేరుగా గేర్‌బాక్స్‌లోకి రాలుతుంది. లాక్ నొక్కి కప్లర్ తీయండి, వైర్లు పట్టుకుని లాగవద్దు. బోల్టు సాధారణంగా 10 నంబరు పానాకి వస్తుంది. సెన్సర్‌ని అటూఇటూ తిప్పుతూ పైకి లాగండి. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే ప్లాస్టిక్ విరిగి సగం లోపలే ఉండిపోతుంది. కొద్దిగా నూనె కారుతుంది, కింద గుడ్డ ముక్క పెట్టుకోండి.

నూనె కారకుండా ఆపే పాత ఓ రింగు (గుండ్రటి రబ్బరు సీలు) సెన్సర్‌తో పాటే వచ్చిందో లేదో చూడండి, లోపల మిగిలితే కొత్తది సరిగ్గా కూర్చోదు. పళ్లచక్రం ఉంటే పళ్లు అరిగాయా, క్లిప్పు ఊడిందా చూడండి. అరిగింది చక్రమే అయి, అది విడిగా దొరికితే సెన్సర్ మార్చనక్కర్లేదు. కొత్త చక్రం పళ్ల సంఖ్య పాతదానితో సరిపోవాలి. ఒక్క పన్ను తేడా ఉన్నా మీటర్ జీవితాంతం తప్పు వేగమే చూపిస్తుంది.

కొత్త ఓ రింగుకి అదే గేర్‌బాక్స్ నూనె రాసి, సెన్సర్‌ని చేత్తోనే లోపలికి నొక్కండి. పళ్లు పట్టకపోతే కాస్త తిప్పి నొక్కండి. బోల్టు బిగించి సెన్సర్‌ని లోపలికి దించకండి, బోల్టు పట్టే చెవి విరుగుతుంది. బిగింపు చాలా కార్లలో 5 నుంచి 10 న్యూటన్ మీటర్లు మాత్రమే. మీ కారు సర్వీస్ మాన్యువల్ అంకెనే పాటించండి. వైరుని పాత క్లిప్పులోనే దూర్చి సైలెన్సర్ పైపుకి దూరంగా ఉంచండి.

కోడ్ చెరిపి, పక్కన కూర్చున్నవారు ఫోన్ జీపీఎస్ చూస్తుండగా ఒకసారి నడపండి. మీటర్ కొన్ని కిలోమీటర్లు ఎక్కువ చూపడం మామూలే, తక్కువ చూపకూడదు. ఇంటికొచ్చాక ఓ రింగు చుట్టూ నూనె చెమ్మ ఉందేమో వేలితో తాకి చూడండి. ఆటోమేటిక్ కార్లు కొన్నిటిలో సెన్సర్ గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. అది షెడ్డు పని.

చక్రం దగ్గరి సెన్సర్ అయితే

ఇక్కడ కొత్త సెన్సర్ వేసినా కోడ్ పోకపోవడం తరచూ జరుగుతుంది. చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగుకి పట్టిన తుప్పు, సెన్సర్ కొనకి అంటుకున్న ఇనుప రజను ముందు శుభ్రం చేయండి. వీల్ బేరింగ్ మార్చిన వెంటనే ఏబీఎస్ లైటు వచ్చిందంటే బేరింగ్‌ని తిరగేసి నొక్కారేమో అడగండి. చాలా బేరింగుల్లో ఒక వైపు సీల్‌లోనే అయస్కాంత రింగు ఉంటుంది, అది సెన్సర్ వైపుకి రాకపోతే ఎన్ని సెన్సర్లు మార్చినా సిగ్నల్ రాదు.