పీఐ3కే పాత్‌వే ఆన్ అయిందో లేదో బ్లాట్‌లో కరెక్ట్‌గా చూడటం ఎలా

పీఐ3కే అనేది సెల్ పెరగడానికి, బతకడానికి సిగ్నల్ పంపే ఎంజైమ్, అది ఆన్ అయితే ఏకేటీ అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ తగులుతుంది, దాన్ని వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లని సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో గుర్తుపట్టే టెస్ట్) ఫాస్ఫో ఏకేటీ బ్యాండ్‌గా చూస్తాం. ఈ బ్యాండ్ రాకపోతే అందరూ ముందు యాంటీబాడీనే అనుమానిస్తారు, కానీ చాలాసార్లు సిగ్నల్ పోయేది అంతకన్నా ముందే, సెల్స్ ఇంకా ప్లేట్‌లో ఉండగానే.

లోపల ఏం జరుగుతుందంటే, ఇన్సులిన్ రిసెప్టర్‌కి తగలగానే పీఐ3కే మెంబ్రేన్ దగ్గరికొచ్చి పిప్2 అనే లిపిడ్‌కి ఇంకో ఫాస్ఫేట్ తగిలించి పిప్3గా మారుస్తుంది, ఏకేటీ వచ్చి దానికి అతుక్కుంటుంది, అప్పుడు పీడీకే1, ఎంటార్‌సీ2 అనే ఎంజైములు ఏకేటీలోని రెండు చోట్ల, అంటే పీడీకే1 థ్రియోనిన్ 308 మీద, ఎంటార్‌సీ2 సెరైన్ 473 మీద ఫాస్ఫేట్ పెడతాయి. పీటెన్ అనే ఇంకో ఎంజైమ్ పని దీనికి రివర్స్, పిప్3ని మళ్ళీ పిప్2 చేసేస్తుంది.

అందుకే సెల్ లైన్ చూసి ఎంచుకోండి. పీసీ-3, ఎల్ఎన్‌క్యాప్, యూ87 లాంటివాటిలో పీటెన్ పనిచేయదు కాబట్టి సీరమ్ తీసేసినా ఏకేటీ వెలుగుతూనే ఉంటుంది, వాటిలో ఇన్సులిన్ ఎఫెక్ట్ చూద్దామంటే తేడా పెద్దగా కనపడదు. ఎంసీఎఫ్-7లో అయితే పీఐ3కే జీన్‌లోనే మ్యుటేషన్ ఉంది, అదీ గుర్తుంచుకోండి.

ముందు రోజు రాత్రి సీరమ్ లేని మీడియంలో పెట్టండి. పొద్దున 100 నానోమోలార్ ఇన్సులిన్ 10 నుంచి 15 నిమిషాలు చాలు. ఒక వెల్‌కి ఇన్సులిన్‌కి ముందు అరగంట పీఐ3కేని ఆపే వోర్ట్‌మానిన్ 100 నానోమోలార్ ఇవ్వండి, ఈ కంట్రోల్ లేకపోతే మీ బ్యాండ్ పీఐ3కే వల్లే వచ్చిందని చెప్పలేరు, అయితే వోర్ట్‌మానిన్ మీడియంలో త్వరగా పాడైపోతుంది, రోజంతా పెట్టే ఎక్స్‌పెరిమెంట్‌కి పనికిరాదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. టైమ్ అవగానే ప్లేట్ ఐస్ మీదికి, చల్లటి బఫర్‌తో ఒక్క వాష్, వెంటనే సెల్స్‌ని పగలగొట్టే లైసిస్ బఫర్, అందులో ఫాస్ఫటేజులని ఆపే సోడియం ఫ్లోరైడ్, ఆర్థోవెనడేట్ తప్పకుండా ఉండాలి, ఎందుకంటే సెల్ పగలగానే ఫాస్ఫటేజులు ఫాస్ఫేట్లు పీకేయడం మొదలుపెడతాయి. వెనడేట్‌ని పీహెచ్ 10 దగ్గర రంగు పోయేదాకా మరిగించి వాడాలి, నేరుగా కలిపితే సరిగా పనిచేయదు. ట్రిప్సిన్ పెట్టి సెల్స్ లేపి లైసిస్ చేయడం మాత్రం వద్దు, ఆ కాసేపట్లోనే సిగ్నల్ మారిపోతుంది.

బ్లాకింగ్‌కి పాలపొడి కన్నా బీఎస్ఏ (ఆవు సీరమ్ ఆల్బుమిన్) మేలు, పాలలో కేసీన్ ఉంటుంది, అది కూడా ఫాస్ఫోప్రోటీనే. బ్యాండ్ 60 కిలోడాల్టన్ల దగ్గర వస్తుంది, దాంతోపాటు టోటల్ ఏకేటీ (ఫాస్ఫేట్ ఉన్నా లేకున్నా మొత్తం ఏకేటీ) కూడా పెట్టాల్సిందే.

473 ఒక్కటి చూసి ఆగకండి, 308 కూడా చూడండి, కింద ఏకేటీ ఫాస్ఫేట్ పెట్టే ప్రోటీన్లు జీఎస్‌కే3 బీటా సెరైన్ 9, పీఆర్ఏఎస్40 కూడా. ఇంకోటి, రాపమైసిన్ అనే మందు ఇస్తే ఏకేటీ కింద ఉండే ఎంటార్‌సీ1 ఆగుతుంది, గ్రోత్ సిగ్నల్ తగ్గుతుంది, కానీ ఎంటార్‌సీ1 ఆన్ చేసే ఎస్6కే నుంచి, ఇన్సులిన్ రిసెప్టర్ సిగ్నల్‌ని పీఐ3కేకి అందించే ఐఆర్ఎస్1 మీదికొచ్చే బ్రేక్ కూడా పోతుంది కాబట్టి చాలా సెల్స్‌లో ఏకేటీ ఇంకా పెరుగుతుంది, అంటే సర్వైవల్ సిగ్నల్ పెరిగినట్టే, కాబట్టి ఎస్6కే థ్రియోనిన్ 389 తగ్గిందని చూసి పాత్‌వే మొత్తం ఆగిపోయిందని రాసేయకండి.