విడుదలకు ముందు ఆర్టిఫాక్ట్ అప్‌లోడ్‌లు: జాగ్రత్తలు

కోడ్‌ను తనంతట తానే బిల్డ్ చేసే గిట్‌హబ్ యాక్షన్స్ సేవలో పైప్‌లైన్‌కు పచ్చటి టిక్ పడినంత మాత్రాన బిల్డ్ ఫైళ్లు, అంటే ఆర్టిఫాక్ట్‌లు, భద్రంగా చేరాయని అనుకోకూడదు. ఇచ్చిన పాత్‌లో ఒక్క ఫైలూ దొరకకపోయినా వాటిని దాచే అప్‌లోడ్-ఆర్టిఫాక్ట్ అనే యాక్షన్ మామూలుగా లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటుంది తప్ప జాబ్‌ను ఆపదు. కాబట్టి విడుదల వారం రాకముందే ఇఫ్-నో-ఫైల్స్-ఫౌండ్ అనే సెట్టింగ్‌ను ఎర్రర్‌కు మార్చాలి. ఇక్కడ చాలామంది పొరబడేది వర్కింగ్ డైరెక్టరీ (కమాండ్లు నడిచే ఫోల్డర్) విషయంలో. దానికిచ్చిన డిఫాల్ట్ విలువ కమాండ్లు నడిపే రన్ స్టెప్‌లకే వర్తిస్తుంది. బిల్డ్ ఫ్రంటెండ్ ఫోల్డర్‌లో జరిగినా, అప్‌లోడ్ స్టెప్ మాత్రం రిపాజిటరీ మూలం నుంచే వెతుకుతుంది కనుక పాత్‌ను ఫ్రంటెండ్/డిస్ట్ అని పూర్తిగా రాయాలి. అప్‌లోడ్‌కు ముందు ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితాను లాగ్‌లో చూపే ఒక స్టెప్ పెట్టుకుంటే వెతుకులాట చాలావరకు తగ్గుతుంది.

2023 డిసెంబరులో వచ్చిన అప్‌లోడ్-ఆర్టిఫాక్ట్ నాలుగో వెర్షన్ నుంచి, ఒకే రన్‌లో ఒకే పేరుతో రెండుసార్లు అప్‌లోడ్ చేయడం కుదరదు. ఉబుంటు, విండోస్ రెండింటి మీదా నడిచే మ్యాట్రిక్స్ జాబ్‌లలో రెండోది 409 లోపంతో (ఆ పేరు ఇప్పటికే ఉందని) ఆగిపోయేది ఇందువల్లే. ఓవర్‌రైట్ సెట్టింగ్ పెడితే లోపం పోతుంది గానీ మొదటి బిల్డ్ కూడా దానితోపాటే పోతుంది. అందుకని ఆపరేటింగ్ సిస్టమ్ పేరును ఆర్టిఫాక్ట్ పేరులో చేర్చడమే సరైన పద్ధతి.

చుక్కతో మొదలయ్యే ఫైళ్లను 2024 సెప్టెంబరు నుంచి డిఫాల్ట్‌గా వదిలేస్తున్నారు. అవి కావాలంటే సెట్టింగ్ ఉంది, కానీ దాన్ని పెట్టి రిపాజిటరీ మొత్తాన్ని అప్‌లోడ్ చేయడం ప్రమాదకరం: కోడ్‌ను దించే చెకౌట్ యాక్షన్ వెర్షన్‌ను బట్టి డాట్ గిట్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైలులో యాక్సెస్ టోకెన్ ఉండవచ్చు, పబ్లిక్ రిపాజిటరీలో ఆ ఆర్టిఫాక్ట్ జిప్‌ను బయటివారు కూడా దించుకోగలరు. జిప్‌లో ఎగ్జిక్యూట్ అనుమతి (ఫైలును ప్రోగ్రామ్‌గా నడిపే అనుమతి) నిలవదు కాబట్టి బైనరీలను ముందే టార్ ఫైలుగా కట్టాలి.

ఆర్టిఫాక్ట్‌ల గడువు డిఫాల్ట్‌గా 90 రోజులే. విడుదల చేసే ఫైళ్లను గిట్‌హబ్ రిలీజ్‌కు విడిగా జతచేయాలి. స్టోరేజ్ కోటా నిండితే అప్‌లోడ్ విఫలమవుతుంది. పాతవి తొలగించినా లెక్క మళ్లీ సరికావడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది గనుక, ఆ శుభ్రపరిచే పనిని విడుదలకు ముందురోజే ముగించాలి.