కాలేజీ టీములో ఆడాలంటే: ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో దరఖాస్తు చేసే విధానం

అమెరికాలో హైస్కూల్ చదివే పిల్లలు డివిజన్ 1, డివిజన్ 2 కాలేజీల టీముల్లో ఆడాలంటే, కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏకి చెందిన ఎలిజిబిలిటీ సెంటర్ నుంచి అర్హత తెచ్చుకోవాలి. ఎన్‌సీఏఏ కాలేజీలను మూడు డివిజన్లుగా విభజిస్తుంది. డివిజన్ 3 కాలేజీలు చదువు ప్రమాణాలను తామే నిర్ణయించుకుంటాయి. అక్కడ ఆటల స్కాలర్‌షిప్ ఉండదు. దరఖాస్తు నింపడం ఒక సాయంత్రం పని. అర్హత వస్తుందా రాదా అన్నది మాత్రం తొమ్మిదో తరగతిలో కోర్సులు ఎంచుకునేటప్పుడే సగం తేలిపోతుంది. టోర్నమెంట్ల కోసం శనివారం తెల్లవారుజామునే కారు తీసే తల్లిదండ్రులు కూడా ఈ కోర్సుల జాబితాను పదకొండో తరగతి దాకా తెరిచి చూడరు. అందుకే ముందు దాని గురించే.

డివిజన్ 1కి హైస్కూల్లో 16 కోర్ కోర్సులు, అంటే ఎన్‌సీఏఏ అర్హతకు లెక్కపెట్టే ముఖ్య సబ్జెక్టుల కోర్సులు కావాలి. ఇంగ్లిష్ నాలుగేళ్లు, ఆల్జీబ్రా 1 లేదా అంతకు పై స్థాయి మ్యాథ్ మూడేళ్లు, సైన్స్ రెండేళ్లు, ఈ మూడింటిలోనే ఏదో ఒకటి మరో ఏడాది, సోషల్ సైన్స్ రెండేళ్లు. మిగతా నాలుగూ ఈ సబ్జెక్టుల నుంచి గానీ, ప్రపంచ భాషల వంటి వాటి నుంచి గానీ తీసుకోవచ్చు. పన్నెండో తరగతి మొదలయ్యే లోపే 10 కోర్సులు పూర్తవ్వాలి, వాటిలో 7 ఇంగ్లిష్, మ్యాథ్, సైన్స్‌వే కావాలి. ఆ 10 కోర్సుల గ్రేడ్లు అక్కడితో ఖాయం. తర్వాత మళ్లీ రాసి పెంచుకుంటామంటే కుదరదు.

కోర్ కోర్సుల జీపీఏ (గ్రేడ్ల సగటు) డివిజన్ 1కి కనీసం 2.3, డివిజన్ 2కి 2.2 ఉండాలి. ఇందులో ప్లస్, మైనస్ గ్రేడ్లను లెక్కపెట్టరు. బి ప్లస్ అయినా బి మైనస్ అయినా బి కిందే లెక్క. మన పిల్లలకు 2.3 ఒక లెక్కా అనుకుంటాం. నిజమే, చాలామందికి జీపీఏ దగ్గర ఇబ్బంది రాదు. లెక్కలోకి రాని కోర్సుల దగ్గరే చిక్కు వస్తుంది.

పై క్లాసుకి త్వరగా వెళ్లాలని పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకోవడం మన ఇళ్లలో చాలా మామూలు. ఎండాకాలం సెలవుల్లో జామెట్రీ పరీక్ష రాసి, ఆగస్టులో నేరుగా ఆల్జీబ్రా 2లో కూర్చుంటారు. స్కూలు ఆ క్రెడిట్ ఇస్తుంది గానీ ఎన్‌సీఏఏ ఇవ్వదు. తెలుగు పరీక్ష రాసి తెచ్చుకున్న భాషా క్రెడిట్‌కీ అదే గతి. ఎనిమిదో తరగతిలో క్లాసులో కూర్చుని చదివిన ఆల్జీబ్రా 1 సంగతి వేరు. అది హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్ (కోర్సులు, గ్రేడ్ల అధికారిక రికార్డు) మీద గ్రేడుతో, క్రెడిట్‌తో కనిపిస్తే లెక్కలోకి వస్తుంది. ఆన్‌లైన్ కోర్సయితే టీచర్‌తో క్రమం తప్పని సంబంధం ఉండాలి. వీడియోలు చూసి ముగించేవి చెల్లవు. ఎలిజిబిలిటీ సెంటర్ వెబ్‌సైట్‌లో మీ స్కూలు పేరు కొడితే ఆమోదించిన కోర్సుల జాబితా వస్తుంది. దాన్ని ప్రింట్ తీసి, ఏటా కోర్సులు ఎంచుకునే ముందు పిల్లల షెడ్యూల్ పక్కన పెట్టి చూడండి.

ఇండియా నుంచి మధ్యలో వచ్చిన పిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తొమ్మిది మొదలుపెట్టి, ఇక్కడికొచ్చాక మళ్లీ తొమ్మిదిలోనే చేరితే, డివిజన్ 1కి కోర్ కోర్సులు పూర్తి చేయాల్సిన నాలుగేళ్ల గడువు మొదటిసారి తొమ్మిదిలో చేరినప్పటి నుంచే నడుస్తుంది. ఏ తరగతిలో వేయాలో స్కూలు అడిగినప్పుడే ఇది చెప్పాలి. తొమ్మిది నుంచి అక్కడ చదివిన ప్రతి ఏడాది మార్కుల రికార్డులు, బోర్డు సర్టిఫికెట్టు భద్రంగా ఉంచండి, అడుగుతారు.

ఇక అకౌంట్. ముందు ఉచిత ప్రొఫైల్ పేజీతో మొదలుపెట్టొచ్చు. డివిజన్ 1 లేదా 2 ఖాయమనిపించినప్పుడు చదువుకీ అమెచ్యూర్ హోదాకీ (డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్ కాదన్న గుర్తింపు) కలిపి ఉండే సర్టిఫికేషన్ అకౌంట్‌కి మారాలి. దానికి ఫీజుంది. ఎస్‌ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష) ఫీజు మినహాయింపు గానీ, స్కూల్లో ఉచిత భోజనం గానీ పొందుతున్న కుటుంబాలకు ఈ ఫీజూ మాఫీ అవుతుంది, స్కూలు కౌన్సెలర్ ధ్రువీకరించాలి. పిల్లల సొంత ఈమెయిలే ఇవ్వండి. స్కూలు ఈమెయిల్ గ్రాడ్యుయేషన్ తర్వాత ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే ముఖ్యమైన ఉత్తరాలు వస్తాయి. చదివిన ప్రతి స్కూలు పేరూ రాయాలి, ఒక్క సమ్మర్ కోర్సు చదివినదైనా సరే. ప్రైజ్ మనీ, ఏజెంట్లు, ఆడిన క్లబ్బుల గురించిన ప్రశ్నలకు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నది ఉన్నట్టు నింపండి.

పదకొండో తరగతి అయ్యాక కౌన్సెలర్ ట్రాన్‌స్క్రిప్ట్ అప్‌లోడ్ చేయాలి. స్కూలు మారి ఉంటే పాత స్కూలు నుంచీ రావాలి. మీరు ఇంట్లో స్కాన్ చేసి పంపితే తీసుకోరు. ఎస్‌ఏటీ, ఏసీటీ స్కోర్లను ఎన్‌సీఏఏ 2023 నుంచి అర్హతకు అడగడం లేదు. అడ్మిషన్ కోసం కాలేజీ అడగొచ్చు. ఫాల్‌లో చేరేవారు ఏప్రిల్ 1 నుంచి అకౌంట్‌లోకి వెళ్లి ఫైనల్ అమెచ్యూరిజం సర్టిఫికేషన్ కోరాలి. గ్రాడ్యుయేషన్ అయ్యాక ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ వెళ్లాలి. అన్నీ పంపినా ఫైల్ కదలడం లేదంటే కాలేజీ కోచ్‌ని అడగండి: డివిజన్ 1 లేదా 2 కాలేజీ ఏదో ఒకటి మీ పిల్లల పేరును తమ జాబితాలో చేర్చితేనే తుది పరిశీలన జరుగుతుంది.

హెచ్4 (తల్లిదండ్రుల వర్క్ వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఉన్న పిల్లలకు ఫెడరల్ ఆర్థిక సాయం రాదు. కాలేజీ ఇచ్చే ఆటల స్కాలర్‌షిప్‌కి మాత్రం పౌరసత్వం అడ్డు కాదు, నిశ్చింతగా ప్రయత్నించండి. పేరు, ఫొటో వాడుకున్నందుకు కంపెనీలు ఇచ్చే ఎన్‌ఐఎల్ డబ్బు వేరే విషయం. హెచ్4 మీద గానీ ఎఫ్1 (విద్యార్థి వీసా) మీద గానీ ఉంటే అది వీసాకే చేటు తేవచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి.