కెర్నెల్ డాక్యుమెంటేషన్ సొంతంగా నేర్చుకుందాం – 3వ పాఠం: ఫంక్షన్ నెత్తిన ఉండే వ్యాఖ్య

పోయిన పాఠంలో లైనక్స్ కెర్నెల్ సోర్స్‌ని గిట్‌తో దించుకుని, మేక్ హెచ్‌టీఎంఎల్‌డాక్స్ కొట్టి, డాక్యుమెంటేషన్ మొత్తాన్ని మన కంప్యూటర్లోనే వెబ్ పేజీలుగా తయారుచేసుకున్నాం. ఆ పని నడుస్తున్నంతసేపూ టెర్మినల్లో వార్నింగ్‌లు వస్తూనే ఉండి ఉంటాయి. టెన్షన్ పడకండి, మీ సెటప్‌లో తప్పేమీ లేదు. ఇవాళ ఆ వార్నింగ్‌లలో ఒక రకాన్ని పట్టుకుందాం: సీ ఫైళ్లలో ఫంక్షన్ల మీద రాసే వ్యాఖ్యల నుంచి వచ్చేవి.

(ఎప్పటిలాగే కమాండ్లు, పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి.)

కెర్నెల్ డాక్యుమెంటేషన్ అనగానే అందరూ డాక్యుమెంటేషన్ అనే ఫోల్డర్ దగ్గరికే వెళ్తారు. అందులో ఉన్నది సగమే. మిగతా సగం కోడ్‌లోనే, ఫంక్షన్ మొదలయ్యే చోటికి సరిగ్గా పైన ఉంటుంది. 2016లో వచ్చిన 4.8 వెర్షన్ నుంచి కెర్నెల్ జనం పాత డాక్‌బుక్ పద్ధతిని వదిలి స్ఫింక్స్‌కి (టెక్స్ట్ ఫైళ్ల నుంచి వెబ్ పేజీలు తయారుచేసే సాధనం) మారడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఫోల్డర్లోని ఆర్ఎస్‌టీ ఫైలు (స్ఫింక్స్ చదివే టెక్స్ట్ ఫైలు) 'ఫలానా సీ ఫైల్లోని వ్యాఖ్యలు ఇక్కడికి తీసుకురా' అని ఒక్క లైన్లో చెబుతుంది. కెర్నెల్-డాక్ అనే స్క్రిప్ట్ వెళ్లి వాటిని ఏరుకొస్తుంది. ఏళ్ల తరబడి పెర్ల్‌లో ఉన్న ఈ స్క్రిప్ట్‌ని 2025లో పైథాన్‌లో తిరగరాశారు. వాడే మనకి మాత్రం పెద్ద తేడా లేదు.

వ్యాఖ్య ఆకారం ఇలా ఉంటుంది:

/**
 * ఫంక్షన్_పేరు() - ఏం చేస్తుందో ఒక్క ముక్కలో
 * @మొదటిది: ఈ పారామీటర్ ఏమిటి, ఏ విలువలు ఇవ్వొచ్చు
 * @రెండోది: అలాగే
 *
 * కావాలంటే ఇక్కడ పెద్ద వివరణ.
 *
 * కాంటెక్స్ట్: ఎక్కడి నుంచి కాల్ చేయొచ్చు, నిద్రపోతుందా (మధ్యలో ఆగి ఎదురుచూస్తుందా), ఏ లాక్ తీసుకుంటుంది
 * రిటర్న్: ఏం వస్తే ఏమని అర్థం
 */

మొదటి లైన్లో స్లాష్ తర్వాత రెండు నక్షత్రాలు ఉండాలి. ఒకటే ఉంటే అది మామూలు వ్యాఖ్య, స్క్రిప్ట్ దాని జోలికి రాదు. స్ట్రక్చర్ పేరుకి ముందు ఆంపర్సాండ్, నల్ లాంటి స్థిర విలువకి ముందు శాతం గుర్తు పెడతారు. వేరే ఫంక్షన్ని ప్రస్తావిస్తే పేరు పక్కన ఖాళీ బ్రాకెట్లు చాలు, లింకు దానంతటదే వస్తుంది.

కొత్తవాళ్లని తికమక పెట్టేవి రెండున్నాయి. వివరణలో మీరు లైన్ తెంపినా వెబ్ పేజీలో తెగదు, అన్నీ కలిసిపోయి ఒకే పేరా అవుతాయి. కాబట్టి రిటర్న్ విలువలు వరసగా రాయాలంటే ప్రతిదానికీ నక్షత్రం పెట్టి జాబితాలా రాయాలి. ఇక రెండోది: ఏదైనా లైను ఒక మాటతో మొదలై ఆ వెంటనే కోలన్ వస్తే, స్క్రిప్ట్ దాన్ని కొత్త శీర్షిక అనుకుంటుంది. 'గమనిక:' అని మీరు మామూలుగా రాసుకున్నది పేజీలో బోల్డు అక్షరాలతో కొత్త విభాగమై కూర్చుంటుంది.

ఆకారం సంగతి అంతే. అరగంటలో చేతికి వస్తుంది. ఈ పాఠం అసలు చివరి రెండు విభాగాల గురించి, కాంటెక్స్ట్, రిటర్న్ గురించి. పారామీటర్ల వివరణ పేలవంగా ఉన్నా చదివేవాడు కోడ్ చూసి సర్దుకుంటాడు. ఈ రెండూ తప్పుగా ఉంటే మాత్రం వాడు రాసిన డ్రైవర్ ఎప్పుడో ఒకనాడు మెషీన్ని ఆపేస్తుంది.

ఉదాహరణకి కెర్నెల్/లాకింగ్ ఫోల్డర్లో రెండు ఫైళ్లు పక్కపక్కన తెరవండి, మ్యూటెక్స్.సీ, సెమఫోర్.సీ. మ్యూటెక్స్, సెమఫోర్ రెండూ లాక్ రకాలే. మొదటిదాంట్లో మ్యూటెక్స్_ట్రైలాక్, రెండోదాంట్లో డౌన్_ట్రైలాక్ వెతకండి. రెండూ చేసేది ఒకటే. లాక్ దొరికితే తీసుకో, లేకపోతే ఎదురుచూడకుండా వెనక్కి వచ్చెయ్. కానీ లాక్ దొరికితే మ్యూటెక్స్_ట్రైలాక్ 1 ఇస్తుంది, డౌన్_ట్రైలాక్ 0 ఇస్తుంది. దొరక్కపోతే మొదటిది 0, రెండోది 1. ఒక గదిలో స్విచ్ కిందికి నొక్కితే లైటు వెలిగి, పక్క గదిలో అదే నొక్కుడుకి ఆరిపోయినట్టు.

ఇది ఎవరో నిర్లక్ష్యంగా చేసింది కాదు. సెమఫోర్ పాతకాలపుది. 2006లో 2.6.16 వెర్షన్‌తో మ్యూటెక్స్ వచ్చాక, అప్పటిదాకా సెమఫోర్ వాడిన కోడ్‌ని జనం మ్యూటెక్స్‌కి మార్చడం మొదలుపెట్టారు. మ్యూటెక్స్ రాసినవాళ్లు స్పిన్‌లాక్ (ఇంకో రకం లాక్) పద్ధతిని అనుసరించారు. పేరు మార్చేసి షరతు మార్చడం మరిచిపోతే కంపైలర్ ఏమీ అనదు, ఎందుకంటే రెండూ పూర్ణాంకాలే. ఆపేది ఒక్క వ్యాఖ్య మాత్రమే. అందుకే రెండు ఫంక్షన్ల మీదా ప్రత్యేకంగా హెచ్చరిక రాసి ఉంది: ఇది దానికి తలకిందులు, మార్చేటప్పుడు చూసుకో అని. డాక్యుమెంటేషన్ అంటే వివరణ మాత్రమే అనుకునేవాళ్లకి నేను ముందు ఈ రెండు వ్యాఖ్యలే చూపిస్తాను.

ఇంకాస్త చదవండి. మ్యూటెక్స్_ట్రైలాక్‌ని ఇంటరప్ట్ కాంటెక్స్ట్ (హార్డ్‌వేర్ పిలుపుకి కెర్నెల్ జవాబిస్తున్న సమయం, అప్పుడు నిద్రపోకూడదు) నుంచి పిలవకూడదని ఉంది. డౌన్_ట్రైలాక్‌ని పిలవొచ్చని ఉంది. మ్యూటెక్స్‌ని ఏ టాస్క్ తీసుకుందో అదే వదలాలి అని కూడా ఉంది. ఈ సంగతులేవీ ఫంక్షన్ ప్రోటోటైప్ చూస్తే తెలియవు. లోపలి కోడ్ నాలుగు మెట్లు దిగి చదివితే తెలుస్తాయేమో, అదీ చదివేవాడికి లాకింగ్ బాగా వస్తేనే. కాంటెక్స్ట్ విభాగం రాసేటప్పుడు మీరు జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు ఇవే: నిద్రపోతుందా? ఇంటరప్ట్‌లో పిలవొచ్చా? పిలిచేముందే ఏదైనా లాక్ పట్టుకుని ఉండాలా? లోపల తనే ఏదైనా లాక్ తీసుకుంటుందా?

ఇప్పుడు ఇంకో రకం సంగతి. వ్యాఖ్యలో రాయనిది కూడా ఒక్కోసారి జనం నమ్ముకుని కూర్చుంటారు. కెర్నెల్ కోడ్‌కి మెమరీ ఇచ్చే కేమాలాక్ అనే ఫంక్షన్ కథ దీనికి మంచి ఉదాహరణ.

కేమాలాక్‌ని 512 బైట్లు అడిగితే, వచ్చే అడ్రస్ మామూలుగా 512తో భాగింపబడేది. అలా ఇస్తామని ఎవరూ ఎక్కడా రాయలేదు. లోపల మెమరీని పేర్చే తీరు వల్ల అలా కుదిరింది, అంతే. ఫైల్‌సిస్టమ్‌లు, ముఖ్యంగా ఎక్స్‌ఎఫ్‌ఎస్, ఆ బఫర్లని నేరుగా డిస్క్ రాతలకి వాడుకున్నాయి. కొన్ని డిస్క్ డ్రైవర్లకి బఫర్ 512 దగ్గర అలైన్ అయి ఉండాలి, అంటే దాని అడ్రస్ 512తో భాగింపబడాలి. రోజూ అంతా బాగానే నడిచేది. ఎవరైనా స్లబ్ డీబగ్గింగ్ (కేమాలాక్ ఇచ్చే మెమరీలో తప్పులు వెతికే సదుపాయం) ఆన్ చేస్తే మాత్రం అది ప్రతి ముక్క పక్కనా కాపలా బైట్లు పెడుతుంది, దాంతో అడ్రసులు పక్కకి జరుగుతాయి, అలైన్‌మెంట్ పోతుంది. బగ్ వెతకడానికి డీబగ్గింగ్ పెట్టుకుంటే అదే కొత్త బగ్ తెచ్చిపెట్టేది!

తప్పెవరిది? కేమాలాక్ వైపువాళ్లు 'మేం హామీ ఇవ్వలేదు' అనొచ్చు. ఫైల్‌సిస్టమ్ వైపువాళ్లు 'ఎప్పుడూ ఇలాగే వచ్చేది' అనొచ్చు. చివరికి 2019లో, 5.4 వెర్షన్‌లో, సైజు 2 ఘాతం (2, 4, 8, 16 లాంటిది) అయితే అడ్రస్ కూడా ఆ సైజుకే అలైన్ అయి వస్తుందని హామీ ఇచ్చేశారు, డీబగ్గింగ్ ఉన్నా సరే. దాన్ని నిలబెట్టే కోడ్, దాన్ని చెప్పే వాక్యం ఒకే ప్యాచ్‌లో (ఒకేసారి పంపే మార్పు) వచ్చాయి. మనం నేర్చుకోవాల్సింది ఆ చివరి సంగతే. కోడ్ ఈ నెల, డాక్యుమెంటేషన్ 'తర్వాత చూద్దాం' అంటే ఆ తర్వాత రాదు. 2024లో 6.11 దగ్గర, రస్ట్ భాషలో రాసిన కోడ్ అవసరం కోసం హామీని ఇంకా పెంచారు. సైజు 2 ఘాతం కాకపోతే, దాన్ని శేషం లేకుండా భాగించే అతిపెద్ద 2 ఘాతానికి అలైన్ అవుతుంది. 96 బైట్లు అడిగితే కనీసం 32కి అన్నమాట. అంటే కేమాలాక్ వ్యాఖ్యలో ఆ ఒక్క వాక్యం మారిన ప్రతిసారీ అలొకేటర్ (మెమరీ పంచే కోడ్) రాసేవాళ్ల మీద కొత్త బరువు పడుతోంది. అందుకే ఎవరి కోడ్ గురించైనా మీ అంతట మీరు హామీ వాక్యాలు రాసి పంపకండి. కోడ్ ఇవాళ అలా చేస్తోందని గమనించడం వేరు, ఎప్పటికీ అలాగే చేస్తుందని రాయడం వేరు. రెండోది రాసే హక్కు ఆ సబ్‌సిస్టమ్ (కెర్నెల్‌లోని ఆ విభాగం) చూసుకునేవాళ్లదే. మీరు అడగొచ్చు.

చిన్న హామీలు కూడా ఉంటాయి. కేమాలాక్ ఇచ్చిన మెమరీని తిరిగి వదిలేసే కేఫ్రీకి నల్ ఇస్తే ఏమీ చేయదని దాని వ్యాఖ్యలో ఉంది. ఆ ఒక్క వాక్యం ఉండబట్టే, కాల్ చేసే ప్రతిచోటా నల్ అవునా కాదా అని చూడక్కర్లేకుండా పోయింది.

సరే, పనిలోకి దిగుదాం. తప్పులు ఎలా పట్టుకోవాలి?

ఆకారంలో తప్పుల్ని మెషీనే పడుతుంది. మేక్ పక్కన డబ్ల్యూ=1 పెట్టి ఏదైనా డైరెక్టరీని కంపైల్ చేస్తే సీ ఫైళ్లలోని వ్యాఖ్యల్ని కూడా చెక్ చేస్తుంది. పారామీటర్‌కి వివరణ లేదనో, లేని పారామీటర్ గురించి రాశారనో, వ్యాఖ్యలో ఉన్న పేరు ఒకటి కింద ఫంక్షన్ పేరు ఇంకొకటి అనో చెబుతుంది. ఈ మూడోది నాకు ఇష్టమైన వార్నింగ్. ఫంక్షన్ పేరు మార్చినవాళ్లు వ్యాఖ్యని చూడలేదని అర్థం. పేరే చూడనివాళ్లు మిగతా వాక్యాలు చూసి ఉంటారా? అక్కడ ఒక్క పేరు సరిచేసి ఊరుకోకుండా వ్యాఖ్య మొత్తం చదవండి.

అర్థంలో తప్పుల్ని మెషీన్ పట్టదు. దానికి గిట్ బ్లేమ్ వాడదాం. వ్యాఖ్య లైన్లని ఎప్పుడు ఎవరు ముట్టుకున్నారో, కింద ఫంక్షన్ లోపలి లైన్లని ఎప్పుడు ముట్టుకున్నారో పోల్చండి. వ్యాఖ్య 2009ది, లోపల రిటర్న్ లైన్లు 2021వి అయితే ఆ ఫంక్షన్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. తర్వాత లోపలున్న ప్రతి రిటర్న్‌నీ వేలు పెట్టి చదవండి. వ్యాఖ్యలో 'తప్పైతే నల్' అని ఉండి, కోడ్ నెగటివ్ ఎర్రర్ నంబర్ని పాయింటర్‌లో చుట్టి పంపిస్తుంటే దొరికినట్టే. నల్ కోసం చూసే కాలర్ ఆ చుట్టిన ఎర్రర్‌ని మంచి పాయింటర్ అనుకుని వాడేస్తాడు. కాబట్టి కాల్ చేసేవాళ్లని కూడా గ్రెప్‌తో ఒకసారి చూడండి, వాళ్లు వ్యాఖ్యని నమ్మారా, కోడ్‌ని చదివారా తెలుస్తుంది. ఒక్కోసారి వ్యాఖ్యలో తప్పు వెతకబోతే నిజమైన బగ్ దొరుకుతుంది.

ఇక చేయకూడని పని ఒకటి. వార్నింగ్ పోవాలని రెండు నక్షత్రాల్లో ఒకటి చెరిపేయడం, లేదా డెవ్ అనే పారామీటర్‌కి 'డెవ్' అనే వివరణ రాసేయడం. వార్నింగ్ పోతుంది, తప్పు అలాగే ఉంటుంది, పైగా రేపు ఇంకొకరికి అది కనబడకుండా దాచేశారు. ప్యాచ్ శీర్షిక కూడా 'వార్నింగ్ తీసేశాను' అని పెట్టొద్దు. అసలు లోపమేంటో అదే శీర్షిక కావాలి. కెర్నెల్ సొంత గైడు కూడా ఇదే అడుగుతుంది.

ప్యాచ్ ఎవరికి పంపాలన్నది కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడే చోటు. డాక్యుమెంటేషన్ ఫోల్డర్ బాధ్యత ఏళ్లుగా జొనాథన్ కార్బెట్‌ది. కానీ సీ ఫైల్లోని వ్యాఖ్య సరిచేస్తే అది ఆ సబ్‌సిస్టమ్ మెయింటెయినర్‌కి వెళ్లాలి, డాక్యుమెంటేషన్ వైపువాళ్లకి కాపీ. వ్యాఖ్యలోని మాట నిజమో కాదో చెప్పగలిగేది ఆ కోడ్ చూసుకునేవాళ్లే కదా. గెట్_మెయింటెయినర్ స్క్రిప్ట్‌కి ఫైలు పేరు ఇస్తే ఎవరెవరో అదే చెబుతుంది.

ఈ వారం అభ్యాసం: లిబ్ ఫోల్డర్లో మీకు నచ్చిన చిన్న సీ ఫైలు ఒకటి తీసుకోండి. డ్రైవర్లతో మొదలుపెట్టకండి, హార్డ్‌వేర్ తెలియకపోతే వ్యాఖ్య నిజమో అబద్ధమో తేల్చలేరు. అందులో కెర్నెల్-డాక్ వ్యాఖ్య ఉన్న మూడు ఫంక్షన్లకి కాగితం మీద రెండు నిలువు వరసలు గీయండి. ఎడమవైపు వ్యాఖ్య చెప్పిన రిటర్న్ విలువలు, కుడివైపు కోడ్‌లో మీరు చూసిన రిటర్న్ విలువలు. కాంటెక్స్ట్ విభాగం లేకపోతే, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలకి మీ జవాబులు పెన్సిల్‌తో రాసుకోండి. ఇప్పుడే ఎవరికీ పంపకండి. రెండు వరసలూ కలవని ఫంక్షన్ ఏదైనా దొరికితే గిట్‌లో దానికోసం ఒక బ్రాంచ్ తెరిచి, మార్పు చేసి, కమిట్ చేయకుండా ఉంచండి. 4వ పాఠంలో ఆ మార్పుకే కమిట్ మెసేజ్ రాసి, చెక్‌ప్యాచ్ (ప్యాచ్‌లో తప్పులు చూసే స్క్రిప్ట్) నడిపి, ఈమెయిల్‌గా పంపుతాం.